జానెడు కిందికి జరిపాను

ఏళ్ల తరబడి ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది.

బిలాస్‌పూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. రైల్వేలో రిటైరైన మా ఆయనకు ఒంట్లో చీము పట్టి, బీపీ పడిపోయి, ఐసీయూలో పెట్టారు. మణికట్టు దగ్గర రక్తనాళంలోకి సన్నని గొట్టం వేసి, దాన్ని స్టాండుకు బిగించిన చిన్న డబ్బీకి కలిపారు. పైన టీవీలో బీపీ అంకె క్షణక్షణం మారుతూ కనబడేది. నర్సు మా రైల్వే కాలనీలోని తెలుగు పిల్లే.

"మామ్మా, ఈ డబ్బీ తాతగారి గుండె ఎత్తుకి సమానంగా ఉండాల. కిందికి జారిందంటే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తాది. ముట్టకండేం," అని ముందే చెప్పింది.

విన్నాను. అర్థమైంది కూడా. నాలుగో తరగతితో చదువు ఆగిందని వంక పెట్టుకోలేను.

ఆయన ఒళ్లు తుడిచిన తువాలు బాత్రూములో నేనే ఉతికాను. ఆసుపత్రిది వాడితే బిల్లులో వేస్తారని. ఆరేయడానికి ఆ స్టాండు తప్ప ఏమీ కనబడలేదు. డబ్బీ అడ్డొచ్చింది. మర వదులు చేసి, జానెడు కిందికి జరిపాను. జానెడే కదా అనుకుని తువాలు ఆరేశాను. అంకె పెరిగింది. ఆయనకు నయమవుతోందని నమ్మానా, నమ్మాలనుకున్నానా?

ఆ పిల్ల వచ్చి, అంకె చూసి, బీపీ నిలబెట్టే మందు తగ్గించింది. కాసేపటికి ఆయన కళ్లు తేలేశారు. అందరూ పరుగెత్తుకొచ్చేలోపు తువాలు లాగి సంచిలో కుక్కేశాను. డబ్బీ ఎక్కడుందో చూసి డాక్టరు అరిచాడు.

"మామ్మా, మీరేటైనా జరిపారా?" ఆ పిల్ల నా వైపు తిరిగి అడిగింది.

"నాకేటి పని? నీ డ్యూటీ నువ్వు సరిగ్గా చూసుకోక నన్నంటావేటి?"

"అచ్ఛా," అని డబ్బీ వైపు తిరిగింది.

డబ్బీ సరిచేసి, మందు పెంచారు. ఆయన దక్కారు. ఆ పిల్ల ఉద్యోగం పోయింది.

మందు తగ్గించే ముందు డబ్బీ చూసుకోవలసింది తనే కదా? చాలా ఏళ్లు ఈ ముక్క పట్టుకుని వేలాడాను. నిజమే కావచ్చు. కానీ అడిగినప్పుడు నేను నిజం చెప్పి ఉంటే, ఆ తప్పులో ఆమె వాటా ఎంత ఉండేది? ఇప్పుడు ఈ ఊళ్లోనే, రాజ్‌కిశోర్ నగర్‌లో ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానాలు చేయిస్తోంది. ఏ ఐసీయూలోనూ తీసుకోలేదట.

మా ఇంటికి ఎవరొచ్చినా ఈయన అదే కథ ఎత్తుకుంటారు. "ఆ నర్సు పిల్ల నన్ను చంపేసును. ఏమే, నువ్వక్కడే ఉన్నావు కదేటి, చెప్పు!" నేను తలూపుతాను. టీ గిన్నె కడగాలని వంటింట్లోకి పోతాను. అక్కడికీ వినబడుతుంది. రెండు గదుల ఇంట్లో ఆ మాట వినబడని మూల లేదు. చంపబోయింది పక్కనున్న నేనేనని తెలిస్తే, ఈయన నా చేతి అన్నం తింటారా?

అందుకే తెలుగులో రాస్తున్నాను. మనవలకు తెలుగు చదవడం రాదు, ఈయనకు కళ్లు ఆనవు. ఆ ధైర్యంతో రాయడం కూడా పిరికితనమే. అయినా రాశాక గొంతు కాస్త తెరిపిన పడింది. డబ్బీ జరిపింది నేను. ఆ పిల్ల కాదు.

మా కాలనీలోనే ఉండే ఆ పిల్ల తల్లి మాత్రం తెలుగు బాగా చదువుతుంది.