మీటరు ఆగిన చోటే

మా మేనమామ పాత కార్ల మీటర్లు బాగుచేస్తాడు. ఆయన కూతుర్నిచ్చిన అల్లుడు పాత కార్లు కొని అమ్మే షెడ్డులో, వెనక గోడకు ఆనించిన బల్ల ఆయనది. కారు ఎంత దూరం తిరిగిందో చూపించే అంకెలు ఆగిపోతే అందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు. పనితనం ఒక్కటే కారణం కాదు. మీటరు ఆగిన చోటు నుంచే మళ్లీ నడిపిస్తాడు, ఒక్క అంకె వెనక్కి తిప్పడు. "మీటరు మావయ్య చెయ్యి పడిందా? అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు" అనేవారు. ఆయన సంపాదించుకున్న ఆస్తల్లా ఆ మాటే.

ఆ మధ్య షెడ్డుకి ఒక ముసలి కారు వచ్చింది. స్పీడు ముల్లు లేస్తోంది గానీ అంకెలు కదలడం లేదు. మావయ్య డాష్‌బోర్డు విప్పి, మీటరును బల్ల మీద పెట్టి, గోరంత ప్లాస్టిక్ పళ్లచక్రాన్ని బయటికి తీశాడు. నిలువునా పగిలి ఉంది.

"బండి పరిగెడుతుండగా ట్రిప్పు అంకెల్ని సున్నా చేసే బటన్ నొక్కి ఉంటాడు మహానుభావుడు" అన్నాడు.

పాత మీటర్ల గుట్టలోంచి సరిపోయే చక్రం ఏరి, అంకెల చక్రాలు గుచ్చి ఉన్న ఇరుసుకి బిగించాడు. అల్లుడు వచ్చి భుజం మీదుగా తొంగిచూశాడు.

"ఎలాగూ విప్పారు కదా మావయ్యా. మొదటి అంకె కాస్త తగ్గించండి."

"అది నా వల్ల కాదు బాబూ."

"ఆగిపోయాక ఎంత తిరిగిందో ఎవడికి తెలుసు? ఇప్పుడున్నది మాత్రం నిజమా ఏంటి?"

"కాకపోవచ్చు. కానీ నేనాడిన అబద్ధం కాదుగా."

"షెడ్డు నాది, నీతులు మీవి. బాగుంది వరస!"

మావయ్య భోజనానికి ఇంటికెళ్లి వచ్చేసరికి బల్ల మీద మీటరు లేదు. దాన్ని బిగించేసి కారు అమ్మేశారు.

వారం తిరక్కుండా కొన్నాయన కోపంతో ఊగిపోతూ వచ్చాడు. ఇరుసు బయటికి తీయకుండా స్క్రూడ్రైవరుతో నెడితే అంకెలు మళ్లీ ఒక వరసలో నిలబడవు. ఆ సంగతి అల్లుడికి తెలియదు.

"చూడవయ్యా ఈ అంకెలు, తాగొచ్చినట్టు ఒకటి పైకి, ఒకటి కిందికి! నీ చెయ్యి పడిందని కొన్నాను పెద్దమనిషీ. తిప్పింది నువ్వేనా?"

అల్లుడు ఫోను చెవికి ఆనించుకుని అటు తిరిగాడు. ఆఫీసు గది గుమ్మంలో మావయ్య కూతురు నిలబడి ఉంది. "నాన్నా" అంది.

"నేనే" అన్నాడు మావయ్య.

అప్పుడు ఫోను జేబులో వేసుకుని అల్లుడు ముందుకొచ్చాడు. "పెద్దాయన కదండీ, చూపు ఆనడం లేదు. నేను సర్దుబాటు చేస్తా, రండి" అంటూ కొన్నాయన భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్లాడు. కూతురు పక్కకి జరిగి దారిచ్చింది.

మావయ్య పని పోలేదు. నిజానికి గిరాకీ పెరిగింది. వచ్చేవాళ్లు ముందు అటూ ఇటూ చూస్తారు. తర్వాత బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి అడుగుతారు:

"బాబాయ్, మనది కూడా కాస్త తగ్గించి పెడతావా?"