స్విచ్ మీద చెయ్యి

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నేను అడిగే మొదటి ప్రశ్న, అప్పుడు టైమెంత అని. చాలామంది చెప్పలేరు. టైము చెప్పలేని వాళ్ళ మాట నేను నమ్మను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. ఏ లైను ఎన్నింటికి పోయింది, ఎన్నింటికి వచ్చింది, ఎవరు బాగుచేశారు అని రాయడంలోనే నా ఉద్యోగం గడిచింది. కాబట్టి ఈ సంగతి కూడా టైములతోనే చెబుతాను. తేదీలు, సంస్థ పేరు మాత్రం రాయను. అందులో పనిచేసినవాళ్ళు ఇంకా ఉన్నారు.

రిటైరయ్యాక మధురానగర్‌లో ఉండేదాన్ని. అమీర్‌పేట అంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులతో నిండిపోయిన రోజులవి. మైత్రీవనం వెనక సందులో, ఒక బిల్డింగు మూడో అంతస్తులో నెట్‌వర్కింగ్ నేర్పే సెంటరుండేది. అక్కడ లాబ్ ఇన్‌చార్జిగా చేరాను. సామాను లెక్క చూడటం, ఏ పని ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగిసిందో రిజిస్టరులో రాయడం నా పని.

రౌటర్ అంటే ఒక ఆఫీసు కంప్యూటర్లను బయటి కంప్యూటర్లతో కలిపే పెట్టె. కరెంటు ఇవ్వగానే అందులో అన్నిటికంటే ముందు లేచే చిన్న ప్రోగ్రామును బూట్‌లోడర్ అంటారు. అది లేచి మిగతాదాన్ని లేపుతుంది. దాని బదులు కొత్తది ఎక్కించాలంటే ముందు పాతదాన్ని చెరిపేయాలి. చెరిపి, కొత్తది రాసేలోపు కరెంటు పోయిందా, ఆ పెట్టె ఇక లేవదు. లాబ్‌లో దాన్ని ‘ఇటుక అయింది’ అనేవారు.

కరెంటు కోతకు యూపీఎస్ ఉంది. మనుషుల చేతులకే ఏ అడ్డూ లేదు. ఎవరో ఒకరు ఫ్యాను స్విచ్ అనుకుని నొక్కేవారు. అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. బూట్‌లోడర్ మారుస్తున్నంతసేపు ఒక మనిషి స్విచ్‌బోర్డు పక్కన స్టూలు వేసుకుని, స్విచ్‌కి అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చోవాలి. పని పూర్తయ్యేదాకా ఆ మనిషి ఎవరి మాటా వినకూడదు.

ఆ మనిషి సైదులు. మా లాబ్ అటెండరు. యాభై దాటిన వయసు, అంతకుముందు వైరింగ్ పని చేసేవాడు. సెంటరు యజమాని ప్రసాద్ గారు ఒకసారి లోపలికి రాబోతే, లేవకుండానే, “సార్, మీరు మాలిక్ గావచ్చు. గీ పది నిమిషాలు మాత్రం నేనే మాలిక్” అన్నాడు. ప్రసాద్ గారు నవ్వి వెనక్కి వెళ్ళారు.

ఒక గురువారం, పాత మోడల్ రౌటర్ ఒకదానికి ఈ పని పెట్టాం. మా పాఠాలు చెప్పే ఇమ్రాన్ సార్ ఫైలు పంపించి, కింది అంతస్తులో క్లాసుకి వెళ్ళారు. మొదలైంది 11.40కి. తెరమీద ఒక్కొక్కటిగా చుక్కలు పడుతుంటాయి. 11.47కి చుక్కలు ఆగిపోయాయి.

అంతకుముందు పంతొమ్మిది రౌటర్లకి ఈ పని చేశాం. అన్నిటి టైములూ నా రిజిస్టరులో ఉన్నాయి. ఎక్కువ పట్టింది ఎనిమిది నిమిషాలు. దీనికి పన్నెండు నిమిషాలైంది. ఎక్స్ఛేంజిలో ఏదైనా ఇరుక్కుంటే సప్లై తీసి మళ్ళీ పెట్టేవాళ్ళం. ఆ అలవాటుతోనే, “ఇది ఇరుక్కుంది సైదులూ. స్విచ్ తియ్యి” అన్నాను.

“చుక్కలాగినయ్ గని పచ్చ లైటు కొట్టుకుంటనే ఉన్నదమ్మా. జర ఆగుదం.”

“నాకు తెలియదా? తియ్యి.”

తీశాడు. మళ్ళీ వేశాడు. రౌటర్ లేవలేదు.

రిజిస్టరులో నేను రాసింది ఇది: ‘11.52. సైదులు స్విచ్ ఆపాడు. రౌటర్ లేవలేదు.’ అందులో ఒక్క మాట అబద్ధం లేదు. ప్రసాద్ గారు ఆ లైను చదివి, అతన్ని పనిలోంచి తీసేశారు. సైదులు నావైపు ఒకసారి చూసి, తంబాకు డబ్బీ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు. పైగా నాకు నేను చెప్పుకున్న మాట ఒకటుంది: అది అప్పటికే చచ్చింది, స్విచ్ తీసినా తీయకపోయినా ఒకటే.

సరిగ్గా యాభై ఆరు రోజులు గడిచాయి. మళ్ళీ గురువారమే. పోయినదాని బదులు పంజాగుట్టలో ఒక డీలరు దగ్గర అదే మోడల్ సెకండ్‌హ్యాండ్‌ది కొన్నారు. దానికీ బూట్‌లోడర్ మార్చాలి. ఇమ్రాన్ సార్ ఫైలు పంపి క్లాసుకి వెళ్ళారు. సైదులు జాగాలో ఎవరినీ పెట్టుకోలేదు కనుక స్టూలు మీద నేనే కూర్చున్నాను. గదిలో ఇంకెవరూ లేరు.

మొదలైంది 11.46కి. చుక్కలు ఆగింది 11.53కి. నా చేతి గడియారం, గోడ గడియారం రెండూ చూశాను. అయిదు నిమిషాలు ఆగాను. పచ్చ లైటు కొట్టుకుంటూనే ఉంది. అది చూసి కూడా, ఇరుక్కున్నది ఇరుక్కున్నట్టే అనుకున్నాను. 11.58కి స్విచ్ నొక్కాను.

స్విచ్ దిగలేదు.

గట్టిగా నొక్కాను. దిగలేదు. మూడోసారి బొటనవేలు పెట్టి బరువంతా వేశాను. అప్పుడు తెలిసింది, నా వేలు స్విచ్‌కి తగలడం లేదు. మధ్యలో ఏదో ఉంది. వెచ్చగా, గరుగ్గా ఉంది. కంటికి మాత్రం తెల్లటి స్విచ్ తప్ప ఏమీ కనపడలేదు. తంబాకు, సున్నం కలిపి నలిపిన వాసన వచ్చింది. సైదులు తంబాకు తినేవాడు. ఆ గదిలో యాభై ఆరు రోజులుగా ఆ వాసన లేదు.

చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. భయం వేసిందని చెప్పలేను. ఎవరో పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపినప్పుడు వేసే సిగ్గు లాంటిది వేసింది.

12.04కి తెరమీద మళ్ళీ ఒక చుక్క పడింది. 12.06కి పని పూర్తయింది. రౌటర్ లేచింది. అప్పుడు స్విచ్ మళ్ళీ నొక్కి చూశాను. చిటికెన వేలితో దిగింది. నాలుగుసార్లు వేసి తీశాను. ఎక్కడా పట్టలేదు.

రిజిస్టరు ముందు పేజీలో సిబ్బంది అడ్రసులుంటాయి. ఆ సాయంత్రం 5.30కి ఆటో ఎక్కి బోరబండ వెళ్ళాను. సైదులు భార్య యాదమ్మ గుమ్మంలోనే ఉంది. “గిప్పుడు యాదికొచ్చినమా అమ్మా?” అంది. ఇటుక చేసినవాడని పేరు పాకడంతో ఏ సెంటరువాళ్ళూ అతన్ని పెట్టుకోలేదట. లోపల సైదులు చాప మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు.

ఒంట్లో ఎలా ఉందని అడిగాను. యాదమ్మే చెప్పింది. “ఏం మంచిగుంటడు? ఇయ్యాల పగటీలి గా స్విచ్‌బోర్డు కాడ నిలబడి చెయ్యి అడ్డం పెట్టిండు. పన్నెండు గొట్టంగ నల్లా వచ్చింది, బిందెలందుకో అంటే కదలడు. రెండు డ్రమ్ములు నిండేదాక గట్లనే. ‘ఒత్తకమ్మా, జర ఆగు’ అంటడు. నన్నెన్నడన్న అమ్మా అని పిలిచిండా? నాకు బుగులైంది.”

సైదులు తల వంచుకున్నాడు. “నాకేం యాది లేదమ్మా. పొద్దటిసంది తిన్లే. కండ్లు తిరిగినట్టున్నయ్.”

చాప అంచున కూర్చున్నాను. తర్వాత నేనే చెప్పాను. “ఇవాళ అదే మోడల్ ఇంకోదానికి ఎక్కించాం సైదులూ.”

“లేచిందా?”

“లేచింది. ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో పదకొండు నిమిషాలు చుక్కలాగాయి.”

అతను వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. నేను ఆటోలోనే ఆ లెక్క చేశాను. ఆ రోజు ఇంకో ఆరు నిమిషాలు ఆగితే సరిపోయేది.

“అంటే అది సుత లేస్తుండె” అన్నాడు.

“లేచేది. నువ్వు ఆగుదామన్నావు. నేనే తీయమన్నాను.”

యాదమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇంట్లో కూడా అతనా మాట చెప్పలేదని అప్పుడు తెలిసింది. వచ్చేముందు ఆ వీధిలో ఇంకో ఇద్దరిని అడిగాను. ఆ రోజు నల్లా పన్నెండింటికే వచ్చిందన్నారు.

మర్నాడు పొద్దున పాత పేజీ తీసి, ఆ లైను కిందే రాశాను. ‘సైదులు ఆగుదామన్నాడు. లాబ్ ఇన్‌చార్జి ఆర్డరు మీద స్విచ్ ఆపాడు. రౌటర్ చెడటానికి కారణం ఇన్‌చార్జి.’ సంతకం పెట్టి ప్రసాద్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, “ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?” అన్నారు. మీరు అడగలేదు అని జవాబు సిద్ధం చేసుకునే వెళ్ళాను. ఆయన ముందు నిలబడ్డాక అది జవాబు కాదని తెలిసింది. సోమవారం సైదులు తిరిగి పనిలోకి వచ్చాడు. స్టూలు అతనికిచ్చేశాను. ఆ తర్వాత నేనెప్పుడూ దాని మీద కూర్చోలేదు.

కొన్నేళ్ళకి సెంటరు మూసేశారు. సామాను తీసేస్తుంటే నా రిజిస్టరు, ఆ స్విచ్ అడిగి తెచ్చుకున్నాను. సైదులే స్క్రూలు విప్పి ఇచ్చాడు, ఎందుకని అడగలేదు. ఒక ఎలక్ట్రీషియన్ చేత విప్పించి చూశాను. లోపల స్ప్రింగు బాగుంది, ఎక్కడా కాలలేదు, అరగలేదు.

ఆ స్విచ్ నా బల్ల సొరుగులో ఉంది. అప్పుడప్పుడు తీసి నొక్కి చూస్తాను. ఇప్పుడు నా వేళ్ళలో అప్పటి బలంలో సగం కూడా లేదు. అయినా ఇట్టే దిగుతుంది. ఆ రోజు 11.58కి ఎందుకు దిగలేదో రిజిస్టరులో రాయడానికి ఒక గడి ఖాళీగా వదిలాను. అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది.