వాన పాటకు సరైన బాణీ

మా నాయన చేత ఒక పాటను రెండుసార్లు ఒకేలా పాడించాలని నేను దాదాపు ఏడాది పాటు ప్రయత్నించాను. కుదరలేదు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఆ విసుగు మాత్రం ఇంకా పోలేదు.

ఆయన ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో బడి సారుగా పనిచేసి, రిటైరయ్యాక నంద్యాలలో నాతో ఉన్నాడు. బడి పని కడుపు కోసం. మనసంతా హార్మోనియం మీద. ఆదివారం పొద్దున్నే దాన్ని పాత దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఏదో ఒక ఊరి చర్చికి పోయేవాడు. దొర్నిపాడు, ఆళ్లగడ్డ, ఎవరు పిలిస్తే వాళ్ల ఊరు. కాదనడం ఆయనకు చేతకాదు. ఒకే ఆదివారం రెండు ఊళ్లకు ఒప్పుకుని మూడో ఊళ్లో తేలిన రోజులున్నాయి. అప్పుడు ఆ రెండు ఊళ్ల వాళ్లకూ ఫోన్లో సమాధానం చెప్పాల్సింది నేను. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు చేతులు చల్లబడతాయని ఆయనకు తెలుసు. అయినా తన ఫోను ఇంట్లోనే పెట్టి పోయేవాడు. ఎందుకని అడిగితే, "వాయిస్తాంటే మధ్యలో మోగుతాది పాపా. దాని శృతి వేరే" అనేవాడు.

ఆయన చాలా పాటలు కట్టాడు. అందరికీ తెలిసింది మాత్రం ఒక్కటే. నేను పుట్టకముందు, వానలు లేని ఒక ఏడాది చర్చిల్లో ఉపవాస ప్రార్థనలు పెట్టినప్పుడు రాశాడట. దానికి పేరు లేదు. వాన పాట అంటారు. ఒక పల్లవి, మూడు చరణాలు. మాటలు నోటుబుక్కులో ఉన్నాయి. బాణీని మాత్రం ఎక్కడా రాసిపెట్టలేదు.

ఆళ్లగడ్డ చర్చి పిల్లలు ఆ పాటను కీబోర్డుతో రికార్డు చేసి యూట్యూబులో పెడతామని, తమకు తెలిసింది పెద్దవాళ్ల నోట విన్నదేనని, సారు కట్టిన సరైన బాణీ పంపమని నన్ను అడిగారు. అప్పటికే నాయనకు గుండె బలహీనపడింది. ప్రయాణాలు మానమని డాక్టరు చెప్పాడు, ఆయన మానలేదు. ఈ పాట అసలు బాణీ ఆయనతోపాటే పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. అందుకని వీలైనప్పుడల్లా సోమవారం సాయంత్రం, నేను పనిచేసే బడి లైబ్రరీ నుంచి వచ్చాక, ఫోను ఆయన ముందు పెట్టేదాన్ని.

"నాయనా, పాడు."

"ఏం పాట?"

"వాన పాట. ఇంగేం పాట?"

ఫోను వైపు అనుమానంగా చూసి, గొంతు సవరించుకుని పాడేవాడు. పోయినసారి రెండో చరణంలో పైకెక్కిన చోట ఈసారి కిందికి దిగేవాడు.

"పోయినసారి ఇట్ల పాడలేదే."

"ఎట్ల పాడినా?"

ఫోన్లో వినిపించాను. వేరెవరో పాడినట్లు తల ఊపుతూ విన్నాడు. "ఇది గూడా బాగానే ఉండాదే" అన్నాడు.

"ఏది సరైందో చెప్పు."

"రెండూ నేనే గదా పాడింది."

"వాళ్లు ఒకటే పెడతారు నాయనా."

"నీకు నచ్చింది పెట్టమని చెప్పు పో."

ఆ రోజు డైరీలో 'ఈ మనిషికి బాధ్యత లేదు' అని రాశాను. తర్వాత 'ఈ మనిషికి' కొట్టేసి 'నాయనకు' అని రాశాను. కోపం తగ్గి కాదు, మర్యాద కోసం.

ఇంకోసారి, ఫోనూ వద్దు ఏమీ వద్దు, నాకే నేర్పించమన్నాను. ఆయన హార్మోనియం మూత వేసి నా వైపు చూశాడు.

"నలుగుర్లో పాడతావా?"

నేను హార్మోనియం మీద దుప్పటి సర్దాను.

"పాడనిదానివి నేర్చుకోని ఏం చేస్తావు?"

ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగాడు. అందుకే రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన అది గమనించాడో లేదో కూడా నాకు తెలియదు.

ఆయన చనిపోయేనాటికి నా దగ్గర ఐదు రికార్డింగులున్నాయి. ఏ రెండూ కలవవు. ఒకదాంట్లో పల్లవి మధ్యలో, ఒక మాట సగంలో ఆగిపోతాడు. కాసేపు హార్మోనియం ఒక్కటే వినిపిస్తుంది. తర్వాత మిగిలిన సగం అందుకుంటాడు. గుండె జబ్బు వల్ల ఊపిరి అందలేదనుకుని అది ఒక్కసారి విని, మళ్లీ వినలేకపోయాను.

సమాధి కార్యక్రమం నంద్యాలలో జరిగింది. పల్లెల నుంచి ఆటోల్లో జనం వచ్చారు. పెట్టె గుంతలోకి దించే ముందు పాస్టరయ్యగారు "సారు పాటే పాడి సాగనంపుదాం" అన్నారు. నంద్యాల చర్చి పాటల బృందం పెద్ద, ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టిన నాయన హార్మోనియం ముందు నిలబడి పాట ఎత్తాడు. వాళ్లది వడిగా పాడే అలవాటు. రెండో వరుసకే ఆళ్లగడ్డ వాళ్లు వెనకబడ్డారు. చరణానికి వచ్చేసరికి దొర్నిపాడు ఆడవాళ్లు ఇంకో దారి పట్టారు. పాట మూడు ముక్కలై, మధ్యలో ఆగిపోయింది.

దొర్నిపాడు నుంచి వచ్చిన ఒక పెద్దామె ముందుకొచ్చింది. "ఏందప్పా అది? రైలేమన్నా పోతాందా?"

"సారు నేర్పించినట్లే పాడతాండామక్కా" అన్నాడు బృందం పెద్ద.

"మాకు నేర్పించింది మాత్రం ఎవురు? చరణం అంత పైకి లేపితే మాకు అందదు. వారమంతా చేలల్లో అరిచి అరిచి, ఆదివారానికి మాకు గొంతేడుంటాది? సారే దించినాడు. మీ గొంతు యాడికి అందితే పాట ఆడికే అన్న్యాడు."

ఆళ్లగడ్డ సంఘపెద్ద అందుకున్నాడు. "దించుకుంటే దించుకోండి. పల్లవిలో ఆపాల గదా? ఎవురూ ఆపకుండా పోతాండారు."

"యాడ ఆపాల?"

"మాట సగంలో. మా ఊర్లో పాట ఎత్తే పెద్దాయనకు ఆయాసం. ఆయన ఊపిరి తీసుకునేదానికి సారు ఆడ హార్మోనియం ఒక్కటే వాయించేవాడు."

"ఆ పెద్దాయన యాడున్నాడు?"

"పోయి పదేండ్లాయ."

"మరి ఇంగా ఎందుకు ఆపుతాండారు?"

"పాట అట్లనే ఉండాది గదమ్మా."

ఎవరో నవ్వి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆదివారం ఏ ఊరికి పోయాడో, సోమవారం ఆ ఊరి గొంతుతో పాడేవాడని అప్పుడు అర్థమైంది. ఆయన సగంలో ఆగిపోయింది గుండె వల్ల కాదు, ముందురోజు ఆళ్లగడ్డకు పోయినందువల్ల. ఏడాది పాటు నేను అడిగినదానికి జవాబు, ఏ ఊరికి ఆ ఊరి బాణీ అన్న ఒక్క మాట. టీ తాగుతూ చెప్పగలిగిన మాట. పెట్టెలో ఉన్న మనిషి మీద అంత కోపం వచ్చినందుకు సిగ్గుపడాలి. ఆ క్షణంలో పడలేదు.

"నువ్వు చెప్పమ్మా" అన్నారు అయ్యగారు. "ఇంట్లో ఎట్ల పాడేవాడు?"

అందరూ నా వైపు తిరిగారు. గుంత తవ్వినవాళ్లు పారలు పట్టుకుని నిలబడ్డారు. నేను తల వంచుకుంటే అయ్యగారు ప్రార్థన చేసి ముగించేస్తారు, నాయన తన పాట లేకుండానే మట్టిలోకి పోతాడు. ఇంట్లో ఐదు రకాలుగా పాడేవాడని అంతమందికి వివరించి చెప్పడం నా వల్ల కాదు. అంతకంటే పాడడమే తేలిక అనిపించింది. పాడాను.

భయంతో శృతి మరీ కింద ఎత్తాను. బృందం పెద్ద హార్మోనియం మెట్లు తడిమి నా గొంతు దగ్గరికి దిగొచ్చాడు. పల్లవి మధ్యలో తర్వాతి మాట గుర్తురాక ఆగిపోయాను. ఆళ్లగడ్డ వాళ్లు తృప్తిగా నాతోపాటే ఆగారు. చరణంలో పైకి పోలేకపోయాను, దొర్నిపాడు ఆడవాళ్లు వచ్చి కలిశారు. నంద్యాల వాళ్లు వడి తగ్గించుకుని వెనకే నడిచారు. అది ఏ ఊరి బాణీ కూడా కాదు. మూడు చరణాలూ పూర్తయ్యాయి. పెట్టె దించారు.

పోయిన వారం ఆళ్లగడ్డ పిల్లలు మళ్లీ మెసేజ్ పెట్టారు. ఐదు రికార్డింగులూ ఒకసారి విని, పంపకుండా పక్కన పెట్టి, నేనే ఫోన్ చేశాను. చేతులు ఎప్పటిలాగే చల్లబడ్డాయి. మీలో పాట ఎత్తేదెవరని అడిగితే ఒకమ్మాయికి ఫోను ఇచ్చారు.

"బాణీ పంపక్కా, నేర్చుకుంటా" అంది.

"పంపుతా. ముందు నువ్వు పల్లవి పాడు. నీ గొంతు యాడికి పోతాదో విననీ."

"సరైన బాణీ తెలీకుండా ఎట్ల పాడాలక్కా?" అంది ఆ పిల్ల, విసుగ్గా.