షామియానా అంత తువ్వాల

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదు. కనీసం జగిత్యాల గ్రంథాలయం అరల మేరకు లేదు. చరిత్ర, నక్షత్రాలు, తేనెటీగల పెంపకం, ఏది దొరికితే అది చదివేశాను. కంప్యూటర్ల గురించి అక్కడున్నది ఒక్కటే పుస్తకం, పెర్ల్ అనే భాషలో ప్రోగ్రాములు రాయడం ఎలాగో చెప్పేది. అట్ట ఊడిపోయి, పోటీ పరీక్షల గైడ్ల మధ్య ఒదిగి ఉండేది. పెర్ల్ పాతబడిందనీ, నేర్చుకోవలసిన భాషలు వేరే ఉన్నాయనీ స్నేహితులు చెప్పారు. వాళ్లు చెప్పిన భాషల పుస్తకాలు మా గ్రంథాలయంలో లేవు కనుక నేను నమ్మలేదు. మా ఊరు కోరుట్ల నుంచి బస్సెక్కి వెళ్లి, పేపర్ చదివే పెద్దమనుషుల పక్కన కూర్చుని, ఆ పుస్తకాన్ని చివరి పేజీ దాకా చదివాను. (రాసింది నడిపి చూడటానికి కంప్యూటర్ లేదు. అప్పట్లో అది పెద్ద లోటనిపించలేదు.)

నా పాండిత్యం చూసి మా నాన్నకు, అంటే బాపుకు, భయం వేసింది. దుబాయ్‌లో ఉన్న చిన్నాయనతో మాట్లాడి నాకు పాస్‌పోర్టు తీయించాడు. చివరికి ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాం. సిరిసిల్లలో బాపుకు తెలిసిన ఒక ఆపా (ఉర్దూలో అక్కను అలా పిలుస్తారు) దగ్గర నెలపాటు పనిచేయాలి. ఆమె ఉంచుకుంటే సరే, లేకపోతే దుబాయ్. నాకు దుబాయ్ మీద కోపమేమీ లేదు గానీ అక్కడ పుస్తకం పట్టే తీరిక ఉండదని చిన్నాయన ముందే చెప్పాడు.

ఆపాది సాంచాల మధ్య చిన్న గది. (మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. వాటి చప్పుడుకు మా మానిటర్ కూడా సన్నగా వణికేది.) చారల బట్ట నేయాలంటే ఏ రంగుకు ఎన్ని పోగులు తీసుకోవాలో ఆమె లెక్కగట్టి కాగితం ఇచ్చేది. సాంచాలు నడిపించే ఆసాములు ఆ కాగితాన్ని పట్టుకెళ్లి పడుగు తయారు చేయించుకునేవారు. ఆ లెక్క చేసే ప్రోగ్రాం ఆపా స్వయంగా పెర్ల్‌లో రాసుకుంది. అది చూసిన రోజు, లోకంలో ఆ పుస్తకం చదివిన రెండో మనిషి దొరికిందని పొంగిపోయాను.

ఆ ప్రోగ్రాంకు రెండు చిన్న ఫంక్షన్లు ఆధారం. మొదటిది, పంపిన కొలతలను పేరు పేరునా అడిగి తీసుకునేది. 'పన్నా (అంటే వెడల్పు) ఇంత, పొడవు ఇంత' అని పేర్లతో పంపితే ఏ వరుసలో పంపినా సర్దుకునేది. ఏదైనా చెప్పకపోతే మామూలు కొలత వేసుకునేది, తెలియని పేరు వస్తే ఆగి 'ఇదేంది?' అని అడిగేది. రెండోది అంకెలను సరిచేసేది, ఎందుకంటే చారకు పన్నెండున్నర పోగులని లెక్క తేలితే అర పోగు ఎక్కడా దొరకదు. రెండూ చాంతాడంత ఉన్నాయి. నా పుస్తకం ప్రకారం ఫంక్షన్‌కు ఏం పంపినా అన్నీ వరుసగా ఒకే సంచిలో పడతాయి, పైనుంచి ఒక్కొక్కటీ తీసుకుంటే చాలు. ఇక అంకెకు అర కలిపి, చుక్క తర్వాత ఉన్నది కొట్టేస్తే సరిపోతుంది. ఆపా భోజనానికి వెళ్లిన సమయంలో రెంటినీ నాలుగు లైన్లకు కుదించి, వెనక్కి వాలి కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే కోరుట్ల బట్టల దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. నమూనాకు ఒక చారల తువ్వాల కావాలన్నారు. మా ఊరివాళ్లు కదా, కొలతలు గర్వంగా రాసుకుని, విన్న వరుసలోనే ప్రోగ్రాంకు పంపి, కాగితం తీసి ఆసామి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఒకసారి దూరంగా, ఒకసారి దగ్గరగా పెట్టి చూశాడు.

"తమ్మీ, గిది తువ్వాలనా, షామియానానా?"

కంప్యూటర్ లెక్క అది, తప్పు ఉండదు అన్నాను. "గట్లనా? మరి గింత పన్నాకు సాంచ కూడా నీ కంప్యూటర్‌నే తెమ్మను" అని ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

భోజనం చేసి వచ్చిన ఆపా కాగితం చూసింది, తెర చూసింది, తర్వాత నన్ను చూసింది. ఫోన్‌లో వాళ్లు ఏమన్నారో అన్నట్టే చెప్పమంది. చెప్పాను. అప్పుడు తెలిసింది నేను ఎక్కడ బోల్తా పడ్డానో. మా కోరుట్ల దుకాణాల్లో బట్ట కొలత చెబితే పొడవు ముందు చెబుతాం. సిరిసిల్లలో పన్నానే ముందు, ఎందుకంటే సాంచ మీద మొదట తేలేది వెడల్పే. సిరిసిల్లలో కూర్చుని ఫంక్షన్‌లో పన్నా ముందని రాసిన నేనే, మా ఊరి ఫోన్ చెవిన పడగానే పొడవు ముందు పంపాను. రెండు ఊళ్లూ నా ఒక్కడి బుర్రలో ఉండటం వల్ల వచ్చిన చిక్కు అది.

వరుస మార్చి మళ్లీ తీశాను. ఈసారి తువ్వాల తువ్వాలలాగే ఉంది గానీ చారలన్నీ కలిపితే సాంచ మీద పట్టే వాటికంటే పోగులు ఎక్కువయ్యాయి. ప్రతి చారకూ అరను ఒకటి చేసిన పుణ్యం అది. దుబాయ్ విమానం నెత్తి మీదే తిరుగుతున్నట్టనిపించింది. ఆపా తాను దాచి ఉంచుకున్న పాత ఫంక్షన్ తెరిచి లైను లైనుగా చూపించింది. ఒక చారకు అర పోగు ఎక్కువ ఇస్తే ఆ సంగతి గుర్తుంచుకుని పక్క చారకు అర తగ్గిస్తుంది. ఎవరికీ తేడా తెలియదు, మొత్తం మాత్రం ఎప్పుడూ సరిగ్గా కుదురుతుంది. అన్ని లైన్లు ఎందుకని నవ్వుకున్నానే, అందులో ఒక్కటి తీసినా బట్ట చెడుతుంది. నేను చదివిన పుస్తకంలో అంత దయగల లెక్క ఎక్కడా లేదు.

ఆసామి కొత్త కాగితం తీసుకుని వెళ్లాక, రేపటి నుంచి రావాలా వద్దా అని అడిగాను.

"రాకుంటే ఎట్ల?" అంది ఆపా. "కోరుట్లోళ్ల ఫోన్ ఇగ నువ్వే ఎత్తు. వాళ్లు ఎట్ల చెప్తరో నాకేం ఎరుక? ఇన్ని దినాలు వాళ్లను రెండు సార్లు అడుగుడే అయితుండె. గా ఫంక్షన్‌ల ఇంకొకటి పెట్టు, ఊరు అని. కోరుట్ల అంటే పొడవు ముందు తీసుకోవాలె."

పెట్టాను. ఆపా ప్రోగ్రాంలో నేను రాసి నిలబడిన మొదటి లైను అదే. ఆ తర్వాత ఎన్నో భాషలు నేర్చుకున్నాను, అవి చాలావరకు కంప్యూటర్ ముందు కూర్చునే నేర్చుకున్నాను. ఆపా ఆ ప్రోగ్రాంను చాలా ఏళ్లు నడిపిందని విన్నాను. అందులో నా పేరు ఎక్కడా లేదు, మా ఊరి పేరు ఉంది. ఆ వయసులో అదే గొప్పనిపించి కోరుట్ల అంతా చెప్పుకుని తిరిగాను. (ఈ వయసులో మాత్రం, పక్కన నా పేరు కూడా చిన్నగా రాసుకుని ఉంటే బాగుండేదనిపిస్తుంది.)