సముద్రం వైపు గది

ఆ వరండాలో మనుషులం నలుగురం. ఇంటి యజమాని: యాభై దాటిన మనిషి, పూల చొక్కా, గళ్ల లుంగీ. ఆయనతో ఏళ్లుగా కలిసి బతుకుతున్న ఇంకొకాయన: ఆ ఇంట్లో వంట ఆయనదే, చేతిలో సగం ఒలిచిన వెల్లుల్లిపాయ. నాతో వచ్చిన మనిషి. నేను. వస్తువులు: మా రెండు బ్యాగులు, మా ఆధార్ జిరాక్సులు, గోడ మేకులకు వేలాడుతున్న తాళంచెవులు, ఒక టేబుల్ ఫ్యాను, ఆ గాలికి అడ్డంగా పడుకున్న తెల్ల కుక్క. మెట్లు దిగితే ఇసుక, ఇసుక తరవాత సముద్రం. విశాఖపట్నం దాటి భీమిలి వైపు వెళ్లే దారిలో ఉంటుంది ఆ ఇల్లు.

యజమాని ఒక తాళంచెవి తీసి నాకు ఇవ్వబోయాడు.

"జంట కదా అని సముద్రం వైపు గది ఉంచానండి. పెద్ద మంచం. కిటికీ తీస్తే అలల చప్పుడు కాస్త ఎక్కువే. పరవాలేదా?"

నేను చెయ్యి చాపాను. నేను నోరు తెరిచేలోపు నా పక్క మనిషి నవ్వుతూ మాట అందుకున్నాడు.

"జంటనా? అయ్యో, కాదన్నా. ఈడు మా తమ్మి."

యజమాని నా వైపు చూశాడు. వంటాయన వెల్లుల్లి ఒలవడం ఆపాడు. నా చెయ్యి ఇంకా చాచే ఉంది.

"ఓహో, తమ్ముడుగారా," అని యజమాని ఆ తాళంచెవిని తిరిగి మేకుకు తగిలించి ఇంకొకటి తీశాడు. "అయితే రెండు మంచాల గది ఉంది, వెనక వైపు. కొబ్బరి చెట్లు కనిపిస్తాయి."

అతను అబద్ధం చెప్పినందుకు నేను ఉలిక్కిపడలేదు. అబద్ధాలు మా ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. ఉలిక్కిపడింది ఆ అబద్ధం చెప్పిన చోటు చూసి. అది అవసరం లేని ఇల్లు వెతకడానికే నేను ఆ వేసవిలో సెలవు రోజులన్నీ ఖర్చు చేశాను.

నేను నీటి పైపులైన్లు డిజైన్ చేసే ఆఫీసులో పని చేస్తాను. ధర్మసాగర్ చెరువు నీళ్లు హన్మకొండలో ఏ కాలనీ నల్లాకు ఎంత ఒత్తిడితో చేరతాయో లెక్క కట్టడం నా పని. ఏ విషయమైనా గడులు గీసి నింపితే తప్ప నాకు అర్థం కాదు. తీరంలో మాలాంటి వాళ్లు ఉండదగిన చోట్లకూ అట్లాగే గడులు గీశాను. మొదటి గడి: మేమెవరమో ముందే చెప్పొచ్చా? రెండోది: చెబితే గది మారుతుందా, ముఖం మారుతుందా? మూడోది: అక్కడ ఉండి వచ్చిన మగ జంటలు ఏం రాశారు? నాలుగోది: పొద్దున టిఫిన్ దగ్గర పక్కపక్కన కూర్చోవచ్చా?

లాడ్జి గది దొరకడం మాకెప్పుడూ కష్టం కాలేదు. మా ఊళ్లో ఒక ఆడ, ఒక మగ వెళ్తే లోకల్ ఆధార్ నడవదని కౌంటర్ నుంచే తిప్పి పంపిస్తారు. ఇద్దరు మగవాళ్లు వెళ్తే ఒకే మంచం ఉన్న గది ఇచ్చి, ఇంకో దిండు కూడా పంపిస్తారు. ఎవరూ ఏమీ అడగరు. ఏమీ అడగకపోవడం వేరు, తెలిసి లోపలికి రమ్మనడం వేరు. ఈ రెండో రకం ఇళ్లు తీరమంతా వెతికితే కొన్నే తేలాయి. గోవావి విదేశీయుల ధరల్లో ఉన్నాయి. ఒకటి మగవాళ్లకు మాత్రమే అని రాసి, ఫోన్ చేస్తే "పార్టీకి వస్తున్నారా?" అని అడిగింది. చివరికి ఈ ఇల్లు దొరికింది. తెలుగులో మాట్లాడే యజమాని. "మేమిద్దరం జంట" అని నేను మెసేజ్ రాసి, చెరిపి, మళ్లీ రాసి, పొద్దున పంపితే, మధ్యాహ్నానికి జవాబు వచ్చింది: "రండి, మేమూ అంతే."

ఇక తమ్మి సంగతి. సుబేదారిలో మేమిద్దరం ఒక ఇంటి పైభాగంలో అద్దెకుంటాం. అతను నాకంటే కొంచెం పెద్ద. ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. ఇంటి ఓనరమ్మ ముందు, కూరగాయల బండి దగ్గర, అతని ల్యాబ్‌లో, నా ఆఫీసులో, నేను అతన్ని అన్నా అంటాను, అతను నన్ను తమ్మీ అంటాడు. మా వైపు ఇది ఎవరూ పట్టించుకోని పిలుపు. ఆటో డ్రైవరూ అన్నే, బ్యాంకు మేనేజరూ అన్నే. ఆ పిలుపు మాకు పైకప్పులాగా పనికొచ్చింది. ఎండా వానా దాని మీదే పడ్డాయి. హసన్‌పర్తిలో ఉండే అతని తల్లి కూడా ఆ కప్పు కిందికి వచ్చేసింది. వచ్చినప్పుడల్లా "చిన్న కొడుకా, బక్కగైనవేందిరా" అంటూ నా కంచంలో ఇంకో ముద్ద వేస్తుంది.

ఆమె ఆ నెలలోనే ఒక సంబంధం చూసింది. అమ్మాయి నర్సింగ్ చదివింది. మాటలు చాలా దూరం పోయాయి. అతను కాదనలేదు, అవుననలేదు. "సముద్రం కాడికి పోదాం. ఆడ కూసొని ఆలోచిద్దాం. వచ్చినంక అమ్మకు చెప్తనో చెప్పనో అప్పుడు చూద్దాం," అన్నాడు. ఈ ప్రయాణం అందుకే. అతను చెప్పకపోతే నేను సుబేదారి ఇల్లు ఖాళీ చేయాలి. ఆ మాట మేమిద్దరం పైకి అనుకోలేదు కానీ అదే మా మధ్య ఉంది.

వెనక గదిలో రెండు ఒంటి మంచాలు. మధ్యలో ప్లాస్టిక్ స్టూలు. అతను ఒక మంచం మీద కూర్చుని బూట్లు విప్పుతూ నా ముఖం చూశాడు.

"ఏందట్ల చూస్తవ్?"

"ఆయనకు నేనే రాసిన, జంట అని. ఆయన గూడ రాసిండు, మేమూ అంతే అని. నువ్వు చదివినవ్."

"చదివిన."

"మరి?"

"నాకు తెల్వదు. నోరు దానంతటదే అన్నది." రెండో బూటు విప్పి పక్కన పెడుతూ అన్నాడు, "నిజంగ, నాకు గూడ గుండె జల్లుమన్నది. అన్నంక వినవడ్డది నేనేమన్ననో."

నేను కోపంగా వరండాలోకి వచ్చాను. వంటాయన చేపలు కడుగుతున్నాడు. భోజనంలోకి ఏం కావాలని అడిగాడు. ఆలోచించకుండా చెప్పాను.

"పులుసైతే జర కారం ఎక్కువ ఏయండి. మా అన్నకు కారం లేకుంటే ముద్ద దిగది."

వంటాయన చేప పట్టుకునే నా వైపు తిరిగాడు.

"లోపలాయన మిమ్మల్ని తమ్ముడన్నారు. మీరు ఆయన్ని అన్నంటున్నారు. బాగానే ఉంది గానీ, మరి మీ ఆయనేడండీ? రైల్లో వదిలేసొచ్చారా?"

లోపలి నుంచి యజమాని పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.  నేను కూడా అదే అన్నాను, అదీ అతని మీద కోపం చల్లారకముందే. పైగా "మీ ఆయన" అన్న మాట నా గురించి ఒక మనిషి నోటి నుంచి రావడం అదే మొదలు. ఆ మాట అంత మామూలుగా, చేప పొలుసుల మధ్య నుంచి వస్తుందని నేను ఎన్నడూ ఊహించలేదు.

"ఫీలవకండి," అన్నాడు వంటాయన. "కిందటేడాది ఒకాయనొచ్చాడు. పక్కనున్నాయన్ని చూపించి మా డ్రైవర్ అన్నాడు. ఆ డ్రైవర్ అలిగి సాయంత్రం దాకా కార్లోనే కూర్చున్నాడు. భోజనం కార్లోకే పంపాం."

"వీడు మాత్రం తక్కువా?" యజమాని బయటికొచ్చాడు. "ఊళ్లోవాళ్లకి నన్ను ఇప్పటికీ ఓనరుగారు అనే చెబుతాడు. అద్దె మాత్రం ఇవ్వడు."

"వండి పెడుతున్నాను కదండీ ఓనరుగారూ, అద్దె కిందే జమ కట్టుకోండి."

నాతో వచ్చినతను గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. మెడ రుద్దుకుంటూ యజమానిని అడిగాడు.

"అన్నా, ఆ ముందు గది ఇంక ఖాళీగనే ఉన్నదా?"

"అన్నదమ్ములకి ఇవ్వనండి."

"మేం అన్నదమ్ములం గాదు."

అంతే అన్నాడు. యజమాని తాళంచెవి విసిరాడు, అతను పట్టుకున్నాడు. ఆ మాట అనడానికి అతనికి చెమట పట్టింది. ఫ్యాను ఎదురుగానే ఉంది.

మర్నాడు ఇసుకలో కూర్చున్నాం. ఎండ అప్పటికే గట్టిగా ఉంది. నీళ్లలోకి దిగి వచ్చాం. కుక్క మా వెనకే వచ్చి మా చెప్పుల పక్కన పడుకుంది. అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. అక్కడ జాలర్లు వల బాగు చేసుకుంటున్నారు. వాళ్లు చూశారు, మళ్లీ పనిలో పడ్డారు. హన్మకొండ చౌరస్తాలో కూడా అతను నా భుజం మీద చెయ్యి వేస్తాడు, అక్కడ కూడా ఎవరూ ఏమీ అనరు. ఇక్కడి చెయ్యి బరువు వేరు. ఎందుకు వేరో నా గడుల్లో ఎక్కడా నింపలేకపోయాను.

అప్పుడు ఫోన్ మోగింది. గాలి హోరుకు వినిపించక అతను స్పీకర్ పెట్టాడు. వాళ్లమ్మ.

"బిడ్డా, ఆదివారం పిల్ల తరపోళ్లు ఇల్లు సూడనీకి వస్తాండ్రు. మీ మామనే రమ్మన్నడు. నువ్వు పొద్దుగాల్ల ఉండాలె. ఇస్త్రీ అంగి ఏసుకరా. చిన్నోడు పక్కకున్నడా?"

"ఉన్నడే."

"చిన్న కొడుకా, వాన్ని జర జల్ది తోల్కరా. ఆ సముద్రంల మునుగుకుంట కూసుంటడు. నువ్వు గూడ రా. ఇంట్ల మగోళ్లు కనవడాలె గద."

"సరే అమ్మా," అన్నాను.

ఫోన్ పెట్టేశాక అతను నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు.

"నువ్వెట్ల సరే అంటవ్?"

నిజంగానే, ఎట్లా అన్నాను? ఆమె అడిగితే నాకు ఇంకో జవాబు రాదు. నా గొంతులోంచి వచ్చిన ఆ మాట విని నేనే బిత్తరపోయాను. అతనికి పెళ్లి కాకూడదని నేను సముద్రం దాకా వచ్చాను. ఆ పెళ్లివాళ్లను చూడటానికి వస్తానని సముద్రం ఒడ్డున కూర్చుని ఒప్పుకున్నాను.

 అతను ఇసుక దులుపుకుని లేచాడు.

"ఆ పిల్ల ఏం పాపం చేసింది? పోదాం. నువ్వు గూడ రా. అందరి ముంగట చెప్త. అమ్మకు ఒక్కదానికి చెప్తే అమ్మ లోపల్నే దాస్తది."

"అందరి ముంగటనా? పిచ్చా నీకు?"

"నిన్న ఇద్దరి ముంగట అన్న గద. చచ్చిపోలే."

ఆదివారం పొద్దున కాజీపేటలో రైలు దిగి నేరుగా హసన్‌పర్తి వెళ్లాం. బ్యాగుల్లో ఇంకా ఇసుక ఉంది. ఇస్త్రీ అంగీ వేసుకున్నాడు. వాళ్ల నాన్న లేడు, ఎప్పుడో పోయాడు. పెద్దరికమంతా మేనమామది. పిల్ల తరపువాళ్లు రెండు కార్లలో వచ్చారు. ఇల్లు తిరిగి చూశారు, బోరు చూశారు, పొలం ఎటు వైపో అడిగారు. ముందు గదిలో కుర్చీలు చాలక మంచాల మీద కూడా కూర్చున్నారు. సంబంధం ఖాయమయ్యే దాకా మా వైపు భోజనం చెయ్యరు. చాయ్ మాత్రం తాగుతారు. తాగితే మాట ముందుకు నడిచినట్టు.

వాళ్లలో ఒక పెద్దాయన నన్ను చూపించి అడిగాడు.

"ఈ పిలగాడు ఎవలు?"

చాయ్ ట్రేతో వస్తున్న వాళ్లమ్మ నవ్వింది.

"మా చిన్నోడే. కన్లేదు గని కొడుకే."

కప్పులు అందరికీ అందాయి. అతను కూర్చోలేదు. నిలబడే మాట్లాడాడు.

"పెద్దమనుషులు వచ్చిండ్రు. తప్పుగ అనుకోవద్దు. నేను ఈ పెండ్లి చేసుకోను. ఏ పెండ్లి చేసుకోను. నేను ఈయనతోనే ఉంట."

మేనమామ నవ్వేశాడు.

"పోరడు జర సరదా మనిషి. అరే, దోస్తు దోస్తే, పెండ్లి పెండ్లే. పెండ్లయినంక గూడ ఉండండ్రి, ఎవలు వద్దన్నరు? పక్క పోర్షన్ల ఉంటడు."

ఒకరిద్దరు నవ్వారు.  ఇక్కడితో ఆగిపోవచ్చు. నవ్వులో కలిసిపోవచ్చు. మా పైకప్పు ఇంకా నిలబడే ఉంది, దాని కిందికి రమ్మని మేనమామే పిలుస్తున్నాడు.

"దోస్తు కాదు మామా," అన్నాడు అతను. "తమ్మి గూడ కాదు. నీ చెల్లె, మా అమ్మ, నీతోని ఎట్ల ఉంటదో గట్ల కాదు. అత్త నీతోని ఎట్ల ఉంటదో గట్ల."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేనమామ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన నన్ను పై నుంచి కింది దాకా చూశాడు. నేను తల దించుకోకూడదని అనుకున్నాను, దించుకున్నానో లేదో గుర్తు లేదు. వాళ్లమ్మ ఖాళీ ట్రేను పొట్టకు ఆనించుకుని గోడ దగ్గర నిలబడింది. ఆమె నన్ను చూడలేదు, కొడుకును చూడలేదు. చాయ్ కప్పులను చూస్తోంది.

పెద్దాయన తన కప్పును కింద పెట్టాడు. చప్పుడు చెయ్యకుండా, జాగ్రత్తగా. మిగతావాళ్లు ఒకరి తరవాత ఒకరు అట్లాగే పెట్టారు. చెప్పులు వేసుకునేటప్పుడు ఆయన ఒక్క మాట అన్నాడు, అతనితోనే.

"ముందుగాల చెప్పినవ్. మంచిగైంది."

అది తిట్టో మెచ్చుకోలో నాకు ఇప్పటికీ తెలియదు. కార్లు స్టార్ట్ అయ్యాయి. మేనమామ వాటి వెనక కొంచెం దూరం నడిచి ఆగిపోయాడు. వాళ్లమ్మ ట్రే పట్టుకుని కింద కూర్చుంది. కప్పులు తియ్యడానికి ఆమె చేతులు రాకపోతే నేను వంగి ఒక్కొక్కటే తీసి ట్రేలో పెట్టాను. ఆమె వద్దనలేదు.

పదకొండు కప్పులు. పదకొండూ నిండుగా ఉన్నాయి.