రెండో గడప ముద్ర

మా ఎగువ పేటలో తొమ్మిది గడపలు. మొదటిది కినుయో అక్కది, రెండోది నాది. నాకు టోఫు కొట్టుంది. ఈ మొదలూ రెండూ అన్నది గొప్ప కోసం చెప్పడం లేదు, అట్ట తిరిగే వరస చెబుతున్నాను. ఊరి ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా అట్టకు తగిలించి మొదటి గడపకు ఇస్తారు. వాళ్లు చదివి, తమ గడిలో ఇంటి ముద్ర వేసి పక్కింటికి ఇవ్వాలి. అలా తొమ్మిది ఇళ్లూ తిరిగి మళ్లీ మొదటి గడపకే చేరుతుంది. చదివి వేయాలన్నది మాట వరసకే. నిజానికి అందరం చూసేది పై గడిలో ముద్ర ఉందా లేదా అనే. ఉంటే మేమూ వేస్తాం. లేకపోతే మనకెందుకొచ్చిన గొడవ అని ఖాళీగా పక్కింటికి తోసేస్తాం. మా అమ్మా అంతే, మా అత్తా అంతే.

కినుయో అక్క పుట్టింది ఇక్కడే, మెట్టింది ఇక్కడే. పద్దెనిమిదో ఏట మా ఉసుగుమో ఊరి బస్సులో కండక్టరుగా చేరింది. ఆ బస్సు డ్రైవరు తకెజో. రోడ్డు మీద నుంచి చూపు తిప్పని మనిషి, ఈవిడ గొంతు వినీ వినీ మనసు పారేసుకున్నాడు. పెళ్లయింది, కండక్టర్లను తీసేశారు, ఆవిడ ఇంట్లో పడింది. తకెజో మాత్రం ముప్పై ఒక్కేళ్లు అదే బస్సు నడిపాడు. పిల్లల్లేరు. ఆ లోటు ఆవిడ ఎవరి దగ్గరా వెళ్లబోసుకోగా నేను వినలేదు. పేటలో ఎవరింట్లో చావయినా పెద్ద గిన్నె ఎత్తుకుని ముందుగా వచ్చేది ఆవిడే. అలాంటి మనిషి.

తకెజోకి కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు పట్నంలో డయాలసిస్. ఏడున్నర బస్సుకి ఇద్దరూ వెళ్లేవారు, రెండున్నర బస్సుకి వచ్చేవారు. ఆయనకు చూపు తగ్గి లైసెన్సు తిరిగిచ్చేశాడు, ఆవిడకు మొదటి నుంచీ బండి రాదు. ఆ బస్సే వాళ్లకు ప్రాణం. నేను పెద్దమాట అనడం లేదు, ఉన్నమాటే అంటున్నాను.

ఆ బస్సునే తీసేస్తామన్నాడు ఇవాకురా. ఊరి సభకు అధ్యక్షుడు. ఏ పదవికైనా తనే పుట్టానన్నట్టు కూర్చుంటాడు.

"ముగ్గురి కోసం బస్సేమిటమ్మా? డీజిలు తాగి గాలి మోస్తోంది," అన్నాడు అక్కతో.

మా సభలో ఆరు కుర్చీలు, ఐదుగురే మనుషులు. ఆరో కుర్చీ మనిషి చచ్చిపోతే, ఉపఎన్నికకు నిలబడే దిక్కు కూడా లేకపోయింది. మా ఊళ్లో ఓట్లు పడి పదహారేళ్లయింది. నిలబడేవాళ్లే కుర్చీల కన్నా తక్కువైతే ఓటేసేదెవరికి? పేరిచ్చినవాడల్లా గెలిచినట్టే. ఆ ఐదుగురిలో ఇద్దరు బస్సు ఉండాలంటారు, ఇద్దరు వద్దంటారు. ఐదోవాడు ఇవాకురా. సరిసమానమైతేనే అధ్యక్షుడి మాట చెల్లుతుంది. అంటే బస్సు పోయినట్టే. ఏప్రిల్లో ఎన్నికలయ్యాక, మే నెల సభలో తేలుస్తామన్నారు.

అక్క లెక్క వేళ్ల మీద తేలిపోయింది. "ఆరో కుర్చీలో ఒక్క మనిషి కూర్చుంటే చాలు, మసునో. ఒక్కడంటే ఒక్కడు."

"ఎక్కడి నుంచి తెస్తావక్కా? మన పేటలో నడుం వంగనివాడు ఒక్కడున్నాడా?"

"ఫోన్లో పిలుద్దాం."

నేను నవ్వాను. డెబ్బై మూడేళ్ల ముసలమ్మ, ఫోన్లో పిలుస్తుందట! కానీ పక్క లోయలో నాలుగు ఊళ్లవాళ్లు ఇలాగే ఒక గుంపు పెట్టుకుని, మా ఊరి సభకు మనిషి కావాలి, రండి, ఇల్లు ఇస్తాం అని వీడియోలు పెడుతున్నారని ఆవిడ ఎక్కడో చూసింది. ఆ గుంపులో చేరింది. నన్నూ చేర్చింది. అక్టోబరులో ఒక మధ్యాహ్నం, ఖాళీ బస్సు స్టాపు దగ్గర నిలబడింది, ఫోను నేను పట్టుకున్నాను. మెడలో పాత కండక్టరు సంచీ. యాభై ఏళ్ల కిందటి గొంతు తీసింది:

"తర్వాతి స్టాపు ఉసుగుమో, ఎగువ పేట. దిగేవాళ్లు ఎవరూ లేరండి. ఎక్కేవాళ్లు కావాలి. ఊరి సభలో ఒక కుర్చీ ఖాళీ ఉందండి. ఇల్లుంది, కట్టెల పొయ్యి స్నానపు తొట్టి ఉంది. దయచేసి త్వరగా ఎక్కండి."

నలభై వేలమంది చూశారు. మా జన్మలో నలభై వేలమంది మొహాలు మేం చూడలేదు. ఇవాకురా భార్య మా కొట్టుకొచ్చి మూతి మూడు వంకర్లు తిప్పింది. "ఊరి పరువు బజారులో పెట్టారు కదే," అంది.

డిసెంబరు మొదట్లో ఇబుకి వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లు, పెద్ద నగరంలో అచ్చాఫీసు మూతపడితే రోడ్డున పడ్డవాడు. కారు నడపడం రాదు, గొడ్డలి పట్టడం రాదు, మంచు ఎత్తడం రాదు. కానీ చెబితే చేస్తాడు. అక్క తన మేనత్త చచ్చిపోయాక ఖాళీగా ఉన్న ఇల్లు అతనికి ఇచ్చింది, పేట పైకొసన. సభకు నిలబడాలంటే మూడు నెలలు ఊళ్లో కాపురం ఉండాలి. ఆఫీసులో పేరు రాయించాడు. ఇంకా నాలుగున్నర నెలలుంది, బోలెడంత సమయం.

ఇక్కడే అక్క పొరపాటు చేసింది. మా పేటవాళ్లం తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు.

అంతకు రెండేళ్ల ముందు ఒక జంట మా పేటకు కాపురానికి వచ్చింది. వచ్చిన వారానికే అట్ట వాళ్లింటికి పంపడం మొదలుపెట్టాం. అట్టలో పేరెక్కిందంటే పనులన్నీ ఎక్కినట్టే. కాలవ పూడిక తీయాలి, గుడి మెట్ల మీద మంచు ఎత్తాలి, చావింట్లో వంట చేయాలి, ఎక్కడా నిప్పంటుకోకుండా రాత్రిళ్లు కాపలా తిరగాలి. ఐదో నెలలో ఆ జంట సామాను కూడా సగం వదిలేసి పారిపోయింది. అది అక్క మనసులో పడిపోయింది.

"ఇబుకిని అప్పుడే అట్టలో వేయొద్దు. బెదిరిపోతాడు. గెలిచాక వేద్దాం," అంది.

"వేయొద్దులే అక్కా. గెలవనీ ముందు," అన్నాను నేను. నా నోటితోనే అన్నాను.

ఇబుకి ఇంట్లో చలికి పైపులో నీళ్లు గడ్డకట్టాయి. "పైపు పగిలితే బాగు చేసేవాడు దొరకడు నాయనా, మా ఇంటికే రా," అంది అక్క. స్నానం అక్కడే, రెండు పూటలా తిండీ అక్కడే. తకెజోని బస్సు దాకా నడిపించేవాడు. నా కొట్టుకు రోజూ ఆరింటికి గిన్నె పట్టుకుని వచ్చేవాడు. "పిన్నిగారూ, వేడిది ఇవ్వండి," అని పొగలు కక్కే టోఫు నిలబడే తినేసేవాడు. జనవరిలో మా కప్పు మీద నాలుగడుగుల మంచు పడితే, ఒళ్లంతా తడిసి, రెండు సార్లు జారిపడి మరీ దించాడు. నాలుగున్నర నెలల్లో అతని మొహం నేను చూడని రోజు లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఏప్రిల్లో ఆరు కుర్చీలకు ఆరు పేర్లు పడ్డాయి. ఓట్లు లేకుండానే ఇబుకి గెలిచాడు. ఆ సాయంత్రం అక్క ఎర్ర చిక్కుళ్లు వేసి అన్నం వండింది. తకెజో తినకూడదు, అయినా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంక బస్సు ఎక్కడికీ పోదు," అన్నాడు.

వారం తిరక్కుండా ఇవాకురా అభ్యంతరం రాసిచ్చాడు. కాగితం మీద పేరుంటే సరిపోదట, నిజంగా కాపురం ఉండాలట. ఊరి హాల్లో నలుగురు పెద్దలు విచారణకు కూర్చున్నారు. మా తొమ్మిది గడపలవాళ్లం వెనక వరసలో కూర్చున్నాం.

ఇవాకురా గొంతు పెంచలేదు. నీళ్ల మీటరు కాగితం తీశాడు. "నాలుగున్నర నెలల్లో ఈ ఇంట్లో వాడింది నాలుగు బకెట్ల నీళ్లు. పిల్లి కూడా ఇంతకన్నా ఎక్కువ తాగుతుందండి."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"మా ఇంట్లో స్నానం చేశాడండీ! మా ఇంట్లో తిన్నాడు!" అంది అక్క లేచి నిలబడి.

"మీరు పిలుచుకొచ్చిన మనిషికి మీరే సాక్ష్యమా, కినుయోగారూ? కాదులే గానీ, అట్ట కాగితాలు మీ దగ్గరే ఉంటాయిగా. డిసెంబరు నుంచీ ఉన్నవి తెప్పించండి."

ఇంకొకరైతే ఎలకలు కొట్టేశాయనేవారు. అక్క ఇంటికెళ్లి, దారంతో కట్టిన ఇరవై కాగితాలూ మడత నలగకుండా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇవాకురా ఒక్కొక్కటే తిప్పాడు. తిప్పిన ప్రతిసారీ ఒకే ప్రశ్న: "ఇందులో ఇబుకిగారి ముద్ర ఏదీ?" ఇరవై సార్లు అడిగాడు. ఇరవై సార్లూ ఆవిడ చేత "లేదండీ" అనిపించాడు. మధ్యలో ఆపమని పెద్దల్లో ఒక్కడికీ నోరు రాలేదు. పదిహేనోసారికి ఆవిడ తల అడ్డంగా ఊపింది. "వినపడలేదమ్మా," అన్నాడు దుర్మార్గుడు.

"నేనే పంపలేదండీ. పనులు మీద పడితే పారిపోతాడేమోనని..."

"పేటకు పెద్ద గడప మీది. మీరే అతన్ని పేటలో మనిషిగా లెక్కేయలేదు. నన్నెలా వేయమంటారు?"

ఇబుకి లేచి ఏదో అనబోతే కూర్చోమన్నారు.

పెద్దలు చివరికి ఒక దారి తీశారు. అట్ట మీదే అడుగుదాం అన్నారు. 'ఇబుకి అనే వ్యక్తి డిసెంబరు నుంచి ఈ పేటలో కాపురం ఉన్నట్టు ఎరిగిన గడపలు ముద్ర వేయవలెను.' మూడు రోజులు గడువు. సగానికి పైగా గడపలు వేస్తే ఎన్నిక నిలుస్తుంది.

అక్క ఆ కాగితంతో హాలు నుంచి తిన్నగా ఇంటికెళ్లి, ముద్ర వేసి, అట్ట నా చేతికే తెచ్చిచ్చింది. "నీదే తర్వాత," అంది. ఆ మొహంలో ఏ అనుమానమూ లేదు. ఎందుకుంటుంది? నేను రోజూ చూసిన మనిషే కదా!

మర్నాడు పొద్దున ఇవాకురా కొట్టుకొచ్చాడు. రెండు ముక్కల టోఫు తీసుకున్నాడు. "బడి పిల్లల భోజనాలకు టోఫు వచ్చే ఏడు ఎవరి దగ్గర కొనాలా అని చూస్తున్నాం, మసునోగారూ. పట్నం ఫ్యాక్టరీవాళ్లు కూడా అడుగుతున్నారు. మీ చేతి రుచి వేరనుకోండి." అట్ట వంక చూడనైనా చూడలేదు. బడి టోఫు పోతే నా కొట్టు మూతే. వాడికి తెలుసు, నాకూ తెలుసు.

ముద్ర డబ్బీ తెరిచాను. ఎర్ర సిరా అద్దాను. నా గడి మీద పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కాసేపటికి ముద్ర తుడిచి డబ్బీలో పెట్టేసి, అట్టను మూడో గడపకు ఇచ్చి వచ్చాను. ఇంకో సాకు చెబుదామంటే నా దగ్గర ఏదీ లేదు.

మూడో ఇంటివాళ్లు నా గడి చూశారు. నాలుగో ఇంటివాళ్లు పై రెండు గళ్లూ చూశారు. అలా అలా ఎనిమిది ఖాళీ గళ్లతో అట్ట అక్క దగ్గరకు తిరిగొచ్చింది. పెద్ద గడప కాబట్టి ఆవిడే దాన్ని ఆఫీసుకు మోసుకెళ్లి ఇవ్వాలి. ఇచ్చింది. ఇబుకి ఎన్నిక కొట్టేశారు. అతను వెళ్లే రోజు కూడా మా కొట్టు ముందు ఆగి తల వంచాడు. "పిన్నిగారూ, ఇన్నాళ్లూ కడుపు నింపారు," అన్నాడు. వెటకారం కాదు. వెటకారమైతే బాగుండేది.

మే నెల సభలో ఇద్దరూ ఇద్దరూ అయ్యారు, అధ్యక్షుడు వద్దన్నాడు. జూన్ నుంచి బస్సు లేదు.

"మీ ఇద్దర్నీ నా టోఫు బండిలో ఆసుపత్రికి తీసుకెళ్తానక్కా," అన్నాను.

"నీ కొట్టు ఆగిపోతుంది మసునో. కొట్టు కోసమేగా ఇంతా," అంది. తలుపు మెల్లగానే వేసింది.

అద్దె కారులో కొన్నాళ్లు వెళ్లారు. అద్దె భరించలేక వారానికి మూడు రోజులు కాస్తా రెండయ్యాయి. కాళ్లు ఉబ్బాయి, ఆయాసం వచ్చింది. పట్నం ఆసుపత్రిలో పడేశారు. అక్టోబరులో తకెజో పోయాడు. ముప్పై ఒక్కేళ్లు ఆ రోడ్డు మీద ఊరిని మోసిన మనిషి చివరికి డబ్బాలో బూడిదై, భార్య ఒళ్లో, అద్దె కారు వెనక సీట్లో వచ్చాడు. చావు వంటకు అందరం వెళ్లాం. టోఫు నాదే.

ఇక చెప్పాల్సింది ఒకటే. నవంబరులో ఆఫీసు నుంచి కొత్త కాగితం వచ్చింది. ఊళ్లో మనుషులు తగ్గిపోతున్నారు, ఆరో కుర్చీ ఖాళీగా ఉంది, అందుకని ఇకపై ఆఫీసే ఫోన్లో మనుషుల్ని పిలుస్తుందట. అక్క బస్సు స్టాపు వీడియోనే మళ్లీ పెట్టారు, బస్సు లేకపోయినా. పిలుపు మాత్రం ఇవాకురా పేరు మీద. కింద రాశారు: 'కొత్తగా వచ్చినవారిని మొదటి రోజు నుంచే అట్టలో చేర్చి, వారి కాపురానికి సాక్ష్యం పలుకుతామని ఒప్పుకునే గడపలు ముద్ర వేయవలెను.'

అక్క ఎప్పటిలాగే ముద్ర వేసింది, వంకర లేకుండా, గడి మధ్యలో. అట్ట నాకిచ్చి వెళ్లకుండా అక్కడే కొట్టు బెంచీ మీద కూర్చుంది. ఆవిడ చూస్తుండగా ముద్ర తీశాను. ఎర్ర సిరా అద్ది, ఈసారి వేశాను. మూడో ఇంటికి పరిగెత్తినట్టే వెళ్లి ఇచ్చాను. వాళ్లు నా గడి చూసి వేశారు, నాలుగోవాళ్లు వాళ్లది చూసి వేశారు. పొద్దు వాలకముందే అట్ట తిరిగొచ్చేసింది.

అక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని, వేలితో ఒక్కొక్క ముద్రా తడుముతూ పోయింది. తొమ్మిది.

"ఒక్క పూటే పట్టింది చూశావా మసునో," అంది. అట్ట చంకన పెట్టుకుని, ఆఫీసులో ఇచ్చి రావడానికి కొండ దారిన నడిచే కిందికి దిగింది.