మంగళవారం దాకా ఆగిన మామిడిపండ్లు

కోతులను తిట్టి లాభం లేదు. రంగు తిరిగిన కాయను చెట్టు మీదే ఉంచి, తెంపడానికి మంచివారం చూసిన తెలివి నాది.

లక్సెట్టిపేటలో మా పెరట్లో ఒక మామిడి చెట్టు ఉంది. గోడకు అవతల, వరుసకు బావ అయ్యే పక్కింటాయన పెరట్లో ఇంకొకటి. రెండూ ఒకే నర్సరీలో కొని, ఒకే ఆటోలో తెచ్చుకున్న అంటుమొక్కలు. మొన్నటి ఎండాకాలం రెండూ తొలిసారి కాశాయి. మాదే ఎక్కువ కాసిందని లోలోపల మురిసిపోతూ, "నీది గూడ మంచిగనే కాసింది బావా" అని ఆయన్ను ఓదార్చాను కూడా.

బావ తన చెట్టుకు కొండముచ్చు బొమ్మ ఉన్న ఫ్లెక్సీ కట్టాడు. దాన్ని చూస్తే కోతులు దగ్గరికి రావని మా వైపు నమ్మకం.

"ఏ ఎలక్షన్ల నిలవడ్డడు బావా గీయన?" అన్నాను.

"గెలిచినంక చెప్త తియ్."

"తెంపి గడ్డిల ఏద్దాం, కోతులు తిరుగుతున్నయ్" అని మా ఆవిడ రోజూ మొత్తుకుంది. మా ఇంట్లో తొలికాపు ఆంజనేయస్వామికి పెట్టనిదే ఎవరూ నోట్లో వేసుకోరు. స్వామికి చెట్టున పండిందే పెట్టాలని నా పట్టు. కోత మంగళవారమని నేను నిర్ణయించాను. కోతులు సోమవారమని నిర్ణయించుకున్నాయి.

బజారు నుంచి వచ్చేసరికి పెరడంతా టెంకలు, కొరికి పారేసిన పండ్లు. ఒక కోతి గోడ మీద కూర్చుని ఆఖరి పండును తీరిగ్గా చీకుతోంది. కోపం కన్నా ముందు కుళ్లు పుట్టింది నాకు. నా చెట్టు రుచి నాకంటే ముందు దానికి తెలిసింది! దాని వెనక బావ చెట్టు నిండుగా ఊగుతుంటే ఇంకా మండింది.

గోడ మీదుగా బావ తల లేచింది. "ఏం బామ్మర్ది, దేవునికి ముట్టినయా?"

"ముట్టినయ్. పరివారంతోని అచ్చి తీస్కపోయిండు."

వారం తిరగకుండానే బావ గిన్నెడు పండ్లు పంపాడు. మా ఆవిడ ఒకటి చీకి కళ్లు మూసుకుంది. "అన్న చెట్టు చక్కెరనే!" ఇన్నేళ్ల కాపురంలో నా గురించి ఆమె గొంతు అంత మెత్తగా పలకలేదు. నేనూ ఒకటి అందుకున్నాను. రసం మోచేతి దాకా కారింది. అంత తియ్యటి పండు నేనెన్నడూ తినలేదు. మావి ఇంకా తియ్యగా ఉండేవేమో, కోతులను అడగాలి.

మరునాడు బావ వచ్చాడు. "ఎట్లున్నయ్?"

మా ఆవిడ వంటింట్లోనే ఉందని చూసుకున్నాను. "మంచిగనే ఉన్నయ్ బావా. జరంత పులుపు. ఉప్పుకారం అద్దుకుంటే నడుస్తది."

"పులుపా?" బావ మొహం చిన్నబోయింది.

సాయంత్రం గోడ పక్కన కుర్చీ వేసుకుని పేపరు తెరిచాను. అవతల పండు చీకిన చప్పుడు. మళ్లీ ఇంకో పండు. ఆ తర్వాత బావ గొంతు వాళ్లావిడను పిలిచింది.

"ఏమే, జర గిది తిని సూడు. పుల్లగున్నదా?"